ధర్మానికి రాసిచ్చిన తోట
(పీఠిక)

వైన్ అమ్మిన డబ్బుతో ధర్మకార్యాలు చేసే సంస్థ మీద తెలుగులో పుస్తకం వస్తోందంటే మా తరం పాఠకులు ముందుగా ముఖం చిట్లిస్తారు. చిట్లించడానికి కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా కొట్టు మూయించిన రోజులు మాకు నిన్నమొన్నటి సంగతే. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూనే వాళ్లు సారా వేలంపాటల లెక్క కూడా నేర్చేసుకున్నారు. మొగుడి కూలి డబ్బు కాంట్రాక్టరు చేతి మీదుగా ఖజానాకు ఎలా పోతోందో వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. ఆ పోరాటం చూసినవాడికి మద్యం, కళ, దానం అనే మూడు మాటలు ఒకే అట్ట మీద కనబడితే, మూడోది మొదటిదానికి వేసిన ముసుగేమోనన్న అనుమానం వస్తుంది. ఈ వ్రాతప్రతిని నేను ఆ అనుమానంతోనే చేతిలోకి తీసుకున్నాను. అది పూర్తిగా పోలేదు. పోగొట్టాలని రచయిత్రి ప్రయత్నించనూ లేదు. ఈ పుస్తకం మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఈమె వృత్తిరీత్యా ఆడిటర్. ఒకప్పుడు నా దగ్గర చరిత్ర చదువుకుంది. మార్కులు బాగానే వచ్చేవి కానీ రాజుల పేర్లు గుర్తుండేవి కావు, రాజుగారి ఖర్చులు మాత్రం గుర్తుండేవి. ఆ బుద్ధే ఈ పుస్తకానికి మేలు చేసింది. పోర్చుగల్ దక్షిణ భాగంలో అలెంతేజు అనే విశాలమైన మైదాన ప్రాంతం, దాని నడుమ ఎవొరా అనే పాత పట్టణం, ఆ పట్టణంలో యుజేనియో ద అల్మేయ్దా ఫౌండేషన్, ఆ ఫౌండేషన్ నడిపే కర్తూషా వైనరీ. ఇదీ పుస్తకానికి వస్తువు. యాత్రాచరిత్రలు రాసేవాళ్లు ఇలాంటి చోట ద్రాక్షగుత్తుల మీద పడే సాయంకాలపు ఎండతో మొదలుపెడతారు. ఈమె ఒక దస్తావేజుతో మొదలుపెట్టింది.

దస్తావేజు దాకా వెళ్లేముందు నేల గురించి రెండు మాటలు. అలెంతేజు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. గోధుమ, ఆలివ్, ద్రాక్ష, వీటితోపాటు కార్క్ ఓక్ చెట్లు. ప్రపంచానికి కావలసిన కార్కులో దాదాపు సగం పోర్చుగలే ఇస్తుంది. చెట్టును కొట్టరు, బెరడు మాత్రమే ఒలుస్తారు. మొదటిసారి ఒలవడానికి చెట్టుకు 25 ఏళ్లు నిండాలి. తర్వాత తొమ్మిదేళ్లకొకసారి. ఏ సంవత్సరం ఒలిచారో ఆ సంవత్సరపు చివరి అంకెను కాండం మీద రంగుతో రాసి వదిలేస్తారు. మొదటి రెండుసార్లు వచ్చిన బెరడు సీసా బిరడాకు పనికిరాదు, మూడోసారిది కావాలి. అంటే మొక్క నాటినవాడు తన చెట్టు బిరడాతో మూసిన సీసాను చూడాలంటే నలభై ఏళ్లకు పైగా బతకాలి. ఈ వివరం రచయిత్రి ఏదో ముచ్చటగా చెప్పి వదిలేసినట్టు కనిపిస్తుంది గానీ, పుస్తకం మొత్తం దీని మీదే నిలబడింది.

వైన్ తయారీ గురించి కూడా అంతే. రోమన్ల కాలం నుంచి ఇక్కడ మనిషెత్తు మట్టి కాగుల్లో ద్రాక్షను పులియబెట్టే పద్ధతి ఉంది. వాటిని తాల్యాలు అంటారు. కారిపోకుండా కాగు లోపల గుగ్గిలం లాంటి జిగురు పూస్తారు. పులుస్తున్నప్పుడు తొక్కలు పైకి తేలితే కర్రతో రోజూ కిందికి నొక్కుతారు. అవి అడుగుకు దిగాక, ఊరగాయ జాడీలో నూనె తేల్చినట్టు, పైన ఆలివ్ నూనె పోసి గాలి తగలకుండా చేస్తారు. నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండగనాడు కాగు తెరుస్తారు. ఇప్పుడు చాలా వైనరీలు స్టీలు తొట్లకూ ఓక్ పీపాలకూ మారిపోయినా కాగు వైన్‌కు 2010 నుంచి ప్రత్యేకమైన ప్రాంతీయ గుర్తింపు ఉంది. అక్కడ వైన్ భోజనంలో భాగం, రొట్టె పక్కన పెట్టుకునే వస్తువు. అలాగని అది మత్తు కాకుండా పోదు. ఈ రెండు మాటలనూ ఒకే పేరాలో రాయగలిగినందుకు ఈ అమ్మాయిని మెచ్చుకోవాలి.

ఇక భూమి ఎవరిది? ఎవొరా పట్టణం వెలుపల కర్తూషా అనే మఠం ఉంది. 1084లో సెయింట్ బ్రూనో స్థాపించిన మౌనవ్రత సన్యాసుల సంఘానికి చెందిన మఠం. ఆర్చ్‌బిషప్ తెయోటోనియో ద బ్రగాన్సా 1587లో దీన్ని నెలకొల్పాడు. 1834లో పోర్చుగల్ ప్రభుత్వం మగ సన్యాసుల మఠాలన్నిటినీ రద్దుచేసి వాటి ఆస్తులను తీసుకుంది. సన్యాసులు వెళ్లిపోయారు. మఠాల మాన్యాలు వేలంలో డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. జొజే మరియా యుజేనియో ద అల్మేయ్దా (1811-1872) అలాంటి డబ్బున్నవాడే. పొగాకు కాంట్రాక్టులో గడించిన లిస్బన్ వర్తకుడు. అదే మనిషి లిస్బన్‌లో కాసా పియా అనే పెద్ద అనాథశరణాలయానికి అధిపతిగానూ పనిచేశాడు. పొగాకు ఒక చేత్తో, అనాథలు ఇంకో చేత్తో. మఠం, దాని చుట్టూ ఉన్న పొలం ఆ కుటుంబం చేతికి వచ్చాయి. లిస్బన్‌లో నేడు గుల్బెన్కియన్ ఫౌండేషన్ భవనాలున్న ఉద్యానం కూడా ఒకప్పుడు ఈ కుటుంబానిదే.

ఆ వంశంలో చివరికి వచ్చినవాడు వాస్కో మరియా యుజేనియో ద అల్మేయ్దా (1913-1975), విలాల్వా కౌంటు. పూర్వీకులు సంపాదించిన మఠాన్ని ఇతను బాగుచేయించి, 1960లో ఆ సన్యాసులనే తిరిగి పిలిపించాడు. 126 ఏళ్ల తర్వాత వాళ్ల గంట మళ్లీ మోగింది. మూడేళ్ల తర్వాత, 1963లో, తన ఆస్తిలో పెద్ద భాగాన్ని ఒక ఫౌండేషన్ పేరున రాసి ఇచ్చేశాడు. సంస్కృతి, విద్య, సాంఘిక సేవ, ఆధ్యాత్మికం, ఈ నాలుగూ లక్ష్యాలు. పరిధి ఎవొరా ప్రాంతం. అంతే. లోకకల్యాణం అని రాయలేదు. మన దాతలు ట్రస్టు పత్రం రాసేటప్పుడు సకల చరాచర జీవకోటిని అందులో చేరుస్తారు, పక్కవీధి బడి మాత్రం మరిచిపోతారు. ఒక ఊరికి కట్టుబడటం వల్ల ఆ సంస్థకు జవాబుదారీ వచ్చిందని రచయిత్రి అంటుంది. సరైన మాట.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. సీసా మీద మఠం పేరు ఉంది కదా అని సన్యాసులే వైన్ చేశారనుకునేవాళ్లు చాలామంది. కాదు. వైన్ పుట్టిల్లు వల్‌బోమ్ అనే పాత ఎస్టేటు. అది 1580లో జెసూట్ గురువులు విశ్రాంతికోసం కట్టుకున్న ఇల్లు. 1759లో పోర్చుగల్ మంత్రి పొంబాల్ మార్క్విస్ జెసూట్లను దేశం నుంచి వెళ్లగొట్టాక ప్రభుత్వానికి చేరింది, 1776 నాటికే అక్కడ ద్రాక్షగానుగ ఆడుతోంది. తర్వాత అదీ అల్మేయ్దా కుటుంబం చేతికి వచ్చింది. అదే 1759లో ఎవొరాలోని జెసూట్ విశ్వవిద్యాలయం కూడా మూతపడింది, అప్పటికి దాని వయసు సరిగ్గా 200 ఏళ్లు. కౌంటు ఆసరాతో 1964లో జెసూట్లే అక్కడ ఆర్థిక, సాంఘిక శాస్త్రాల ఉన్నత విద్యాసంస్థ ఒకటి తెరిచారు. తర్వాత 1970లలో ప్రభుత్వ విశ్వవిద్యాలయం పునరుద్ధరణకు అది ఒక మెట్టయింది. సన్యాసుల విషయంలోనైనా చదువు విషయంలోనైనా, ఒకప్పుడు ఆ ఊరి నుంచి బలవంతంగా తీసేసినదాన్ని తిరిగి తెచ్చిపెట్టాలన్నదే ఆయన పట్టుదల అని నాకు అనిపించింది. రచయిత్రి ఇంత స్పష్టంగా అనలేదు. నేను అంటున్నాను.

కానీ ఆ పట్టుదలకు ఎదురైన ప్రశ్న చిన్నది కాదు. అలెంతేజు అంటే పెద్ద భూస్వాముల నేల. కోతల కాలంలో కూలి, మిగతా కాలంలో ఆకలి. 1954లో బైజా దగ్గర బలేయ్జావ్ పొలాల్లో కూలి పెంచమని అడగడానికి వెళ్లిన కతరీనా యుఫేమియా అనే 26 ఏళ్ల తల్లిని పోలీసు దళపు లెఫ్టినెంటు కాల్చిచంపాడు. ఆ నేల కూలీల కథనే జొజే సరమాగో 1980లో ‘లెవంతాదో దో షావ్’ నవలగా రాశాడు. నియంతృత్వాన్ని కూల్చిన 1974 ఏప్రిల్ విప్లవం తర్వాత, 1975లో, కూలీలు పది లక్షల హెక్టార్లకు పైగా భూమిని ఆక్రమించుకున్నారు. ధర్మసంస్థ అని ఫౌండేషన్ భూములనూ వదల్లేదు. కౌంటు అదే సంవత్సరం పోయాడు. తాను రాసిచ్చినది నిలుస్తుందో లేదో తెలియకుండానే పోయాడన్నమాట. తర్వాతి సంవత్సరాల్లో భూములు క్రమంగా ఫౌండేషన్‌కు తిరిగి వచ్చాయి.

ఈ ఘట్టానికి రచయిత్రి కొద్ది పేజీలే ఇచ్చింది. పెద్దవాణ్ణి గనుక ఈ ఒక్క లోటూ చెప్పే చనువు తీసుకుంటున్నాను. దాత గొప్పవాడే. ఆ దానానికి పెట్టుబడి అయిన భూమిని తరతరాలుగా దున్నినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. 1975లో గేటు దాటి లోపలికి వచ్చినవాళ్ల మాట మనకు ఇంకా వినపడి ఉండాల్సింది. తెలంగాణ సాయుధ పోరాటం గురించి విన్నవాళ్లకు, తాతల కాలపు కాగితాలు ఇంట్లో దాచుకున్నవాళ్లకు, ఆ గొంతు కొత్తగా ఉండదు. రెండో ముద్రణలో ఈ అధ్యాయం పెరగాలి.

భూమి తిరిగి వచ్చాక జరిగినదే వైన్ కథలో అసలు మలుపు. పేరా మాంకా అనేది ఎవొరా పరిసరాల్లో చాలా పాత వైన్ పేరు. పోర్చుగీసు నావికుడు పెడ్రో ఆల్వారెజ్ కబ్రాల్ 1500లో బయలుదేరినప్పుడు ఓడల్లో ఈ వైన్ ఎక్కించుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. ఆ ఓడలు ముందు బ్రెజిల్ తీరం చూసి, తర్వాత మన కోళికోడ్‌కు వచ్చాయి. పీపాలు ఇక్కడి దాకా వచ్చాయో దారిలోనే ఖాళీ అయ్యాయో గానీ, కోళికోడ్‌లో కబ్రాల్ ఫిరంగులు పేల్చిన సంగతి మాత్రం మనవాళ్లు మరచిపోలేదు. 19వ శతాబ్దంలో సోరెస్ అనే కుటుంబం ఈ పేరుతో వైన్ చేసి 1897, 1898ల్లో బోర్డో ప్రదర్శనల్లో బంగారు పతకాలు తెచ్చుకుంది. తర్వాత ఫిలాక్సెరా అనే పేను తోటల వేళ్లను తినేసింది. పేరు మూగబోయింది. 1987లో ఆ కుటుంబ వారసుడు పేరును ఫౌండేషన్‌కు ఇచ్చేశాడు. అమ్ముకుంటే డబ్బొచ్చే పేరు. దానం తీసుకునేది దానం చేసే సంస్థే కావడం ఇక్కడి విశేషం. 1990 పంటతో పేరా మాంకా ఎర్ర వైన్ మళ్లీ మొదలైంది.

ఇది అరగొనేజ్, త్రింకదేయిరా అనే రెండు రకాల ద్రాక్షతో చేస్తారు. ప్రతి ఏడూ చేయరు. పంట ఆ పేరుకు తగ్గట్టు లేదని తయారీదారులు తేలిస్తే ఆ ఏడు సీసా బయటికి రాదు, ఆ ద్రాక్ష కింది తరగతి సీసాలకు పోతుంది. పోర్చుగల్‌లో అత్యంత ఖరీదైన వైన్లలో ఇదొకటి. కొనేవాళ్లు ఎప్పుడూ సిద్ధం. ఇంకోపక్క విద్యార్థివేతనాలు, వృద్ధుల సేవ, ఊళ్లో మరమ్మతులు, అన్నీ డబ్బు అడుగుతూనే ఉంటాయి. "పేదలకోసమే కదా, ఈ ఏడు కొంచెం తక్కువ రకమైనా పేరేసి అమ్మేద్దాం" అనే మాట ఎంత పుణ్యంగా వినపడుతుందో ఆలోచించండి. ధర్మసంస్థల నాణ్యత సాధారణంగా అక్కడే చచ్చిపోతుంది. సేవ చేస్తున్నాం గనుక పని కొంచెం నాసిగా ఉన్నా ఫరవాలేదనే ధీమా మన ధర్మాసుపత్రుల్లోనూ, ధర్మబడుల్లోనూ నేను చాలా చూశాను. ఈ తోటలో ఆ ధీమా లేదు. ఈ ఒక్క సంగతి చెప్పడానికైనా ఈ పుస్తకం అచ్చు కావాలి.

2007లో కొత్త వైనరీ కట్టడం, యంత్రాలు, ఎగుమతులు, వీటి మీద అధ్యాయం కొంచెం పొడి. ఆసక్తి లేనివాళ్లు దాటేయవచ్చు.

కళ దగ్గరికి వద్దాం. పేరా మాంకా లేబిల్ మీది బొమ్మ నీటిరంగుల చిత్రకారుడు రోకే గమేయ్రో (1864-1935) పాత సోరెస్ కుటుంబపు ప్రకటన కోసం గీసినదే. అలెంతేజులోనే ఎస్పొరావ్ అనే ఇంకో పెద్ద ఎస్టేటు 1985 పంట నుంచి ప్రతి ఏటా ఒక చిత్రకారుడి చేత లేబిల్ గీయిస్తోంది. అదీ మంచిపనే, చిత్రకారుడికి నాలుగు రాళ్లు దక్కుతాయి. అయితే సీసా మీద బొమ్మ సీసా కొన్నవాడికే కదా. ఫౌండేషన్ చేసిన పని వేరు. ఎవొరా నడిబొడ్డున, రోమన్ దేవాలయ శిథిలాల పక్కనే, ఒకప్పటి ఇన్‌క్విజిషన్ భవనం ఉంది. 1536 నుంచి మతద్రోహులన్న నెపంతో మనుషులను విచారించి శిక్షలు వేసిన చోటు. గోవాలో 1560లో మొదలైన ఇన్‌క్విజిషన్ కూడా ఈ చెట్టు కొమ్మే. ఇప్పుడా భవనం ఫౌండేషన్ నడిపే కళా సాంస్కృతిక కేంద్రం. ఏం ఆలోచిస్తున్నావని మనిషిని నిలదీసిన గదుల్లో ఇవాళ ఎవరికి తోచినది వాళ్లు ఆలోచించుకోమని సమకాలీన చిత్రాలు వేలాడదీస్తున్నారు. ఆనుకునే ‘చిత్రాల ఇళ్లు’ అనే పాత లోగిలిలో 16వ శతాబ్దపు గోడచిత్రాలున్నాయి, నిజమైన జంతువులూ కల్పనలో పుట్టినవీ కలిసిమెలిసి తిరుగుతుంటాయి. వాస్కో డ గామా కొంతకాలం ఆ ఇంట్లో ఉన్నాడని స్థానికులు చెబుతారు. రచయిత్రి ఆ గోడల దగ్గర ఆడిటర్‌నన్న సంగతి మరిచిపోయింది. పుస్తకంలో అందమైన పేజీలు అవే.

ద్రాక్షతో ధర్మం చేయడం ఐరోపాలో కొత్తేమీ కాదు. ఫ్రాన్సులో బోన్ పట్టణపు ధర్మాసుపత్రి 1443లో పుట్టింది. దానికి దానంగా వచ్చిన తోటల వైన్‌ను 1859 నుంచి ఏటా వేలం వేస్తున్నారు. పోర్చుగల్‌లో రాణి లెయొనోర్ 1498లో మిసెరికోర్దియా అనే సేవాసంఘాన్ని మొదలుపెట్టింది. వాస్కో డ గామా కోళికోడ్ చేరిన ఏడూ అదే. ఈ వరసలో చూస్తే కౌంటు చేసినది పాత అలవాటుకు కొత్త చట్టరూపం.

మనకు మాత్రం సాటి లేదా? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు లేరూ! తలనొప్పి మందు అమ్మి తెలుగు సాహిత్యాన్ని పోషించిన మహానుభావుడు. 1893లో అమృతాంజనం, 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి. వ్యాపారం, కళ, దానం మూడూ ఒక్క మనిషిలో కలిస్తే ఎలా ఉంటుందో మనం చూశాం. కానీ ఆ ప్రవాహం ఆయన చేతిలోంచి పారింది. కుటుంబం చాలాకాలం నిలబెట్టినా చివరికి పత్రికా ఆగింది, భారతీ ఆగింది. మందు మాత్రం ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఉంది. లాభం ఎటు పోవాలో కాగితం మీద కట్టుదిట్టంగా రాసి ఉంటే ఏమయ్యేదో అనే ప్రశ్న ఈ పుస్తకం మూసిన తర్వాత నన్ను వదల్లేదు. పంతులుగారి ఔదార్యం కౌంటు ఔదార్యానికి ఏమాత్రం తీసిపోదు. తేడా అంతా దస్తావేజులో ఉంది. కర్తూషా వైనరీలో వచ్చిన లాభం పంచుకోవడానికి వాటాదారులు లేరు. అది ఊరి విద్యార్థులకు, సేవాసంస్థలకు, స్వచ్ఛంద సేవకుల శిక్షణకు, పాత కట్టడాల రక్షణకు పోవాల్సిందే. ఎవరి మనసు మారినా ఆ దారి మారదు.

సన్యాసులు మాత్రం నిలవలేదు. చేరేవాళ్లు లేక, ఉన్నవాళ్లు వయసు మీరి, 2019లో చివరివాళ్లు స్పెయిన్‌లోని మఠానికి వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడ వేరే సంఘపు సన్యాసినులున్నారు. దాత కోరికల్లో కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు అని రచయిత్రి ఈ సంగతిని ఏ విచారమూ పులమకుండా చెప్పింది. అది పరిణతి.

భాష గురించి ఒక మాట. వైన్ మీద రాసేవాళ్లకు ఒక జబ్బుంది, నాలుక మీద పూలూ పండ్లూ పొగాకూ తోలూ అన్నీ తగులుతాయి. ఈ పుస్తకంలో ఆ జబ్బు లేదు. ద్రాక్షను పండుగానే ఎరిగిన నాలాంటివాడు కూడా ఎక్కడా తడబడకుండా చదవగలిగాడు. లెక్కలున్న చోట లెక్కలు, అనుమానం ఉన్న చోట అనుమానం, ముచ్చట ఉన్న చోట ముచ్చట. ఈ అమ్మాయి చేత ఇంకా రాయించుకోవాల్సిన బాధ్యత తెలుగు ప్రచురణకర్తలది.

పాఠకులకు నా విన్నపం ఒకటే. మన ఊళ్లలో ఎవరో ఒక పుణ్యాత్ముడు సత్రానికో, బడికో, గ్రంథాలయానికో భూమి రాసిచ్చి ఉంటాడు. ఆ దస్తావేజు నకలు రిజిస్ట్రారు ఆఫీసులో దొరుకుతుంది. ఈ పుస్తకం చదివాక ఒకసారి వెళ్లి అది తీయించి చదవండి. ఆ భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, దాని మీద వచ్చేది ఎక్కడికి పోతోందో అడగండి.